అనర్హుడని తేలిన సర్పంచి సంతకం చెల్లుతుందా?

నాయకుడు పదవి చేపట్టిన తర్వాత, అసలు ఆ పదవికి అర్హుడే కాదని తేలితే అంతవరకు ఆయన చేసిన పనులన్నీ రద్దవుతాయా అని అడిగారు. కావు. ఆయన పదవి పోతుంది, ఆయన చేసిన పనులు నిలుస్తాయి. ఇదే ప్రశ్న పట్టుకుని 2016లో నేను ఆరు నెలలు బ్యాంకుకూ ప్లీడరు ఇంటికీ మధ్య తిరిగాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది కర్నూలు జిల్లాలో పత్తికొండ దగ్గర చిన్న పంచాయతీ. 2013 ఎన్నికల్లో గెలిచిన సర్పంచి వరసకు నాకు మామ అవుతారు. మనిషి మంచివారే. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు వెంట తానే నడిచి వీధి వీధికీ నీళ్లు పట్టించేవారు. అయితే ఆయనకు ముగ్గురు పిల్లలు. 1994 పంచాయతీ రాజ్ చట్టం ప్రకారం అప్పట్లో ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీకి అనర్హులు. చట్టం వచ్చిన ఏడాది లోపు, అంటే 1995 మే నెలాఖరు లోపు పుట్టిన బిడ్డకు మాత్రమే మినహాయింపు. ఆయన మూడో బిడ్డ 2005లో పుట్టింది. నామినేషన్‌లో ఇద్దరు పిల్లలనే రాశారు. బడి రికార్డులో మూడో పాపకు తండ్రిగా తమ్ముడి పేరు ముందే రాయించి పెట్టారు.

ఓడిపోయిన అభ్యర్థి కోర్టులో ఎలక్షన్ పిటిషన్ వేశారు. రెండేళ్లకు పైగా వాయిదాల మీద వాయిదాలు. ఒక వాయిదాకు నేనూ వెళ్లాను. బోనులో నిలబడి మామ, "ఆ పాప నా బిడ్డ కాదు, మా తమ్ముడి బిడ్డ" అని ప్రమాణం చేసి చెప్పారు. ఆ రోజు అత్త పాపను కూడా వెంట తీసుకువచ్చింది. ఎందుకు తెచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పదేళ్ల పిల్ల, తలకు నూనె పెట్టి రెండు జడలు వేసి ఉంది. వరండాలో బల్ల మీద కూర్చుని అంతా వింది. మామ బయటికి రాగానే అలవాటుగా "నాన్నా" అంటూ లేచి, అవతలి పక్షం ప్లీడరు చూస్తున్నాడని గమనించి నోరు మూసుకుంది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆమె బాబాయి పక్కన కూర్చుంది.

చివరికి అంగన్‌వాడీ రిజిస్టరు, ఆసుపత్రి కాగితం బయటపడ్డాయి. 2016లో ఆయన ఎన్నిక చెల్లదని తీర్పు వచ్చింది.

నా ఇబ్బంది అక్కడ మొదలైంది. మా ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చిన పంచాయతీ తీర్మానం మీద ఉన్నది ఆయన సంతకమే. అప్పటికి పునాదులు పూర్తయి గోడలు లేస్తున్నాయి. బ్యాంకు వారు, "ఆయన సర్పంచే కాదని కోర్టు చెప్పింది కదా, ఈ కాగితం మాకు పనికిరాదు" అని రెండో విడత అప్పు ఆపేశారు. చట్టం చదవకుండా చట్టం పేరు చెప్పి జనాన్ని తిప్పేవారంటే నాకు అప్పటి నుంచి ఒళ్లు మండుతుంది. సిమెంటు బస్తాలు వానకు తడిసి గట్టిపడ్డాయి. వాటికి పరిహారం ఎవరిస్తారు?

కర్నూలులో ఒక వృద్ధ ప్లీడరు నా గోడు విని నవ్వలేదు, విసుక్కోలేదు. "నాయనా, నువ్వు అర్జీ పెట్టుకున్నది పంచాయతీకి. కుర్చీలో ఉన్న మనిషికి పిల్లలెందరో లెక్కపెట్టుకుని అర్జీ పెట్టడం నీ పని కాదు" అన్నారు. 1981 నాటి గోకరాజు రంగరాజు కేసు తీర్పు చూపించారు. అది మన ఆంధ్రప్రదేశ్ కేసే. కొందరు సెషన్స్ జడ్జీల నియామకాలు చెల్లవని తేలాక, వారు శిక్ష వేసిన ముద్దాయిలు ఆ శిక్షలూ చెల్లవని వాదించారు. జస్టిస్ చిన్నపరెడ్డి రాసిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. పైకి సక్రమంగా కనిపించే నియామకంతో పదవిలో ఉండి, ఆ పదవికి సంబంధించిన పనే చేస్తే, నియామకంలోని లోపం తర్వాత బయటపడినా ఆ పని చెల్లుతుంది. దీన్ని డీ ఫ్యాక్టో సిద్ధాంతం అంటారు. ఇది ఆ పదవిలో కూర్చున్న వ్యక్తి కోసం పుట్టింది కాదు, ఆయనను నమ్మి పని చేయించుకున్న జనం కోసం పుట్టింది. ఏ అధికారమూ లేకుండా కుర్చీ ఆక్రమించినవాడికి ఇది వర్తించదు.

పెద్ద పదవులకూ ఇదే దారి. 2001లో జయలలిత ముఖ్యమంత్రి నియామకం చెల్లదని సుప్రీంకోర్టు సెప్టెంబరు 21న చెప్పింది. కానీ మే 14 నుంచి ఆ రోజు దాకా ఆమె ప్రభుత్వం చేసిన పనులు ఆ ఒక్క కారణంతో రద్దు కావని కూడా చెప్పింది. రాష్ట్రపతి ఎన్నికే చెల్లదని తేలినా అంతకుముందు చేసిన పనులు నిలుస్తాయని రాజ్యాంగం 71వ అధికరణం చెబుతోంది. అనర్హుడైన సభ్యుడు ఓటు వేశాడని శాసనసభ చేసిన చట్టమూ పోదు.

మరి ఆ నాయకుడికి శిక్ష? ఇక్కడే నాకు కడుపు మండేది. అర్హత లేదని తెలిసీ శాసనసభలో కూర్చుంటే రాజ్యాంగం 193వ అధికరణం ప్రకారం రోజుకు 500 రూపాయల జరిమానా. ఆ అంకె రాసిన నాటికి అది పెద్ద మొత్తమే. ఈరోజు పత్తికొండ మార్కెట్లో ధర పలికిన రోజున ఒక పెట్టె టమాటా అంతకంటే ఎక్కువకు పోతుంది. కేసులు తేలేసరికి సగం పదవీకాలం, ఒక్కోసారి మొత్తం పదవీకాలం అయిపోతుంది. మా జిల్లా బస్సు రూట్ల జాతీయం కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల తర్వాత 1964లో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవి వదిలి వెళ్లారు. ఆయన ఎన్నిక చెల్లదని ఎవరూ అనలేదు, అయినా వెళ్లారు. అలాంటి పట్టింపు ఇప్పుడు ఏ పార్టీలో ఉంది?

ప్లీడరు రాసిచ్చిన రెండు పేజీల అభిప్రాయం బ్యాంకులో ఇచ్చాక నా అప్పు కదిలింది. ఆ ఇంట్లోనే ఉంటున్నాం. మీరూ ఇలాంటి చిక్కులో ఉంటే తీర్మానం నకలు మీద తేదీ చూసుకోండి. అది కోర్టు తీర్పుకు ముందుదైతే, సంతకం చేసిన మనిషి అనర్హుడన్న ఒక్క కారణంతో దాన్ని కాదనడానికి వీల్లేదు.

ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో మన శాసనసభ తీసేసింది. మామ ఇప్పుడు పోటీ చేయాలనుకుంటే చేయవచ్చు. ఆ పాప కర్నూలులో డిగ్రీ చదువుతోంది. ఆయన సర్పంచిగా సంతకం చేసిన ఇంటి ప్లాన్లు, నీళ్ల పైపుల తీర్మానాలు అన్నీ చెల్లుతున్నాయి. పాప పదో తరగతి సర్టిఫికెట్టులో మాత్రం తండ్రి పేరు దగ్గర బాబాయి పేరే ఉంది. దాన్ని మార్పించడానికి మామ ఇంకా తిరుగుతున్నారు.