సినిమాల్లోకి వెళ్లకుండా, సొంతంగా జానపద పాటలు రాసి పాడుకుంటూ బతకొచ్చా?

బతకొచ్చు. కాకపోతే పాట మీద వచ్చే డబ్బుతో కాదు, నెలనెలా పడే జీతంతో. మా పెదనాన్న కొడుకు ఆర్టీసీలో కండక్టర్. పాటలు కట్టి పాడతాడు, నేను ఆయన పక్కన డప్పు కొడతాను. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

మన పెద్దవాళ్లనే చూడండి. వంగపండు ప్రసాదరావు గారు విశాఖ షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పనిచేశారు. యంత్రాల మధ్య నిలబడిన మనిషి కాబట్టే కార్మికుడి మాట ఆయన పాటలో అంత సూటిగా పలికింది. ‘నేను రాను బిడ్డో సర్కారు దవాఖానకు’ రాసిన గూడ అంజయ్య గారు ఫార్మసిస్టు. దవాఖాన లోపలి సంగతి తెలిసినవాడు రాసిన పాట అది. గోరటి వెంకన్న గారు సహకార శాఖలో ఉద్యోగం చేశారు, 2021కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. జీతం ఉంది కాబట్టే ఎవరికి నచ్చినా నచ్చకపోయినా వీళ్లు అనుకున్నది పాడగలిగారని నా నమ్మకం.

పాటనే నమ్ముకుంటే ఏమవుతుందో చెప్తాను. ఆ మధ్య వానాకాలంలో ఒక పెద్ద ఫంక్షన్ హాల్లో సభ ఉంది రమ్మన్నారు. అన్న పొద్దుటి డ్యూటీ దిగి అట్నుంచి అటే వచ్చాడు. దారంతా ముసురు. తోలు మెత్తబడి డప్పు మూగబోయింది. లావు కర్ర సిర్రతో కొడితే మోత లేదు, సన్నటి చిటికెన పుల్లకు అసలే పలకడం లేదు. బయట కాస్త గడ్డి ముట్టించి కాపుదామంటే హాలు మేనేజర్ పరుగెత్తుకొచ్చి, ఇక్కడ మంట పెట్టొద్దు, టైల్స్ పాడవుతాయన్నాడు. మైక్ ఉంది కదా, సౌండ్ పెంచుతాం, స్టేజీ ఎక్కండని నిర్వాహకులు ఒకటే తొందర.

అన్న కదల్లేదు. “తమ్మీ, డప్పు కాగకుంటే పాట లేవది. ఎనకకు రా” అని నన్ను వంటశాల వైపు తీసుకుపోయాడు. అక్కడ గాడిపొయ్యి మీద నుంచి అన్నం గుండిగ దింపుతున్నారు. వంటమేస్త్రీ మా చేతుల్లో డప్పు చూసి, ఏమీ అడక్కుండా నిప్పులు ముందుకు లాగి “కాపుకోండ్రి అన్నా” అన్నాడు. సెగకు ఏటవాలుగా పట్టి తిప్పుతుంటే తోలు బిగిసింది, వేలితో మీటితే ఖంగుమంది. అన్న అక్కడే పల్లవి ఎత్తుకున్నాడు. పత్తి ఏరి చివరి బస్సులో ఇంటికి పోయే ఆడవాళ్ల మీద డ్యూటీలోనే కట్టిన పాట అది. వడ్డించే అమ్మలు బకెట్లు కింద పెట్టి కోరస్ అందుకున్నారు. పాట మొత్తం వినిపించింది అక్కడే.

స్టేజీ మీద రెండో చరణంలో ఉండగానే ముఖ్య అతిథి వచ్చారని మైక్ తీసేసుకున్నారు. శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టారు. ఆటో కిరాయి కూడా ఇవ్వలేదు. లైటింగ్ వాళ్లకు, పూల డెకరేషన్ వాళ్లకు ముందే అడ్వాన్స్ ఇస్తారు. కళాకారుడికి మాత్రం సన్మానం చాలనుకుంటారు. మా వదిన బీరువాలో చీరల కన్నా శాలువాలే ఎక్కువ. వాటితో పిల్లల ఫీజు కట్టలేం కదా.

ఇంకో అన్యాయం ఉంది. మనిషి బతికుండగానే ఆయన పాటను యూట్యూబ్‌లో పాడి, రచన దగ్గర ‘జానపదం’ అని రాసేస్తారు. అన్న పాటకు ఇలాగే జరిగింది. అడిగితే మా ఊళ్లో ఎప్పటి నుంచో పాడుతున్నారన్నారు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాట రాసినవాడికి జీవితాంతం, ఆయన తర్వాత ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా ఉంటుంది. కానీ ఎప్పుడు రాశామో చూపించే ఆధారం లేకపోతే కొట్లాడటం కష్టం. అందుకే ఇప్పుడు అన్న ప్రతి పాటనూ తేదీ వేసి నోటుబుక్కులో ఎక్కించి, బయట ఎక్కడా పాడకముందే తన గొంతుతో రికార్డు చేసి పెడుతున్నాడు. కొత్తగా రాసేవాళ్లెవరైనా ఈ పని తప్పకుండా చేయండి.

ఆయనకు ఇంకా చాలా సర్వీసు ఉంది. ఈ మధ్య వాలంటరీ రిటైర్‌మెంట్ తీసుకుని ఊళ్లు తిరుగుతూ పాడుకుంటానంటున్నాడు. వదినా నేనూ ఒప్పుకోవడం లేదు.