రంగు కోడ్‌లను ఏరిపారేయడం కాదు, పుట్టకుండానే ఆపాలి

మీ ప్రోగ్రాం అవుట్‌పుట్ తెర మీద బాగానే ఉందనీ, ఫైల్లోకి మళ్లిస్తే మాత్రం మధ్యమధ్యలో బ్రాకెట్లూ అంకెలూ కనిపిస్తున్నాయనీ, వాటిని తీసేసే సెడ్ (టెక్స్టును మార్చే పనిముట్టు) ఆదేశం కావాలనీ అడిగారు. అవి అక్షరాలకు రంగు వేయమని టెర్మినల్‌కు, అంటే ఆదేశాలు టైపు చేసే తెరకు, ప్రోగ్రాం పంపే కోడ్‌లు. ఆ దారి వద్దంటాను. దాన్ని నమ్మి ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను.

అప్పట్లో ఒక బిల్లింగ్ వ్యవస్థ చూసేవాణ్ణి. చెల్లింపు విఫలమైన ఖాతాల నంబర్లను లాగ్ నుంచి గ్రెప్ అనే వెతికే ఆదేశంతో ఏరి, ఫైల్లో పెట్టి మరో ప్రోగ్రాంకు అందించాను. 412 నంబర్లలో ఒక్కటీ డేటాబేసులో లేదంది. అందులోని నంబరునే నేను టైపు చేసి వెతికితే దొరికింది! ఫైలును తెర మీద చూపే క్యాట్‌తో చూస్తే అన్నీ సరిగ్గా, ఎర్రగా ఉన్నాయి. మామూలు ఫైలుకు ఎరుపెక్కడిదని ఆ నిద్రమత్తులో తట్టలేదు. రెండు గంటలు దాటాక ఫైలు సైజు చూశాను. పది అంకెలు, లైను ముగింపు కలిపి 11 బైట్ల చొప్పున 4,532 ఉండాలి. ఉన్నవి 11,536. ఫైల్లోని ఒక్కో బైటునూ చూపే ఓడీతో తెరిస్తే ప్రతి నంబరుకూ ముందూ వెనకా 033, అంటే రంగు కోడ్ మొదలయ్యే, తెర మీద కనిపించని ఎస్కేప్ అక్షరం. గ్రెప్ రంగును ‘ఆల్వేస్’ అని, అంటే ఫైల్లోకి వెళ్లినా రంగు వేయమని, ఎప్పుడో నేనే పెట్టుకున్నాను.

వెంటనే ఎక్కడో దొరికిన సెడ్ ఆదేశం నడిపాను. ఎరుపు పోయింది, నంబర్లు మాత్రం కలవలేదు. అది ‘ఎం’తో ముగిసే కోడ్‌లనే తీసేసింది. గ్రెప్ వాటి వెంట లైను మిగతా భాగాన్ని తుడిచే, ‘కె’తో ముగిసే కోడ్ కూడా పంపుతుంది. లైనుకు ఆరు బైట్లు అలాగే ఉండిపోయాయి, ఈసారి రంగు ఆనవాలు కూడా లేకుండా.

కాబట్టి రంగు వేసే ముందే మీ ప్రోగ్రాంలో ‘ఈజ్ఎటీటీవై’ (isatty) అనే ఫంక్షన్‌తో అవుట్‌పుట్ టెర్మినల్‌కు వెళ్తోందో లేదో అడగండి. వెళ్లకపోతే కోడ్‌లు పంపకండి. 2017 నుంచి ప్రచారంలో ఉన్న ‘నో కలర్’ (NO_COLOR) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను, అంటే రంగులు వద్దని వాడేవాళ్లు పెట్టుకునే సెట్టింగును, కూడా గౌరవించండి. అవుట్‌పుట్‌ను పేజీలుగా చూపే ‘లెస్ -ఆర్’ (less -R)లో రంగులతో చదువుకునేవాళ్ల కోసం ‘ఆల్వేస్’ ఐచ్ఛికం ఉంచండి, కానీ డిఫాల్టు మాత్రం ‘ఆటో’యే, అంటే టెర్మినల్‌కు వెళ్తేనే రంగు, కావాలి.

ఇంకో మాట. నల్లటి తెర మీద ముదురు నీలం అక్షరాలు వేసేవాళ్లు అసలు వాటిని ఒకసారైనా చదివారా? అంతకన్నా ఘోరం, ఫలితాన్ని రంగుతోనే చెప్పడం. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని సహోద్యోగి నాకొకరున్నారు. మా టెస్టుల పట్టికలో పాసైందేదో పోయిందేదో ప్రతిసారీ నన్ను అడగాల్సి వచ్చేది. చివరికి ప్రతి లైను ముందూ ‘విఫలం’, ‘సఫలం’ అని మాటల్లో రాయించాను. ఫైల్లోకి వెళ్లి రంగు పోయినా ఆ మాట అక్కడే ఉంటుంది.