రాసేవాళ్ల ప్రశ్నలు: దొర ప్రేమించాడట!

ప్రశ్న: 1850ల వర్జీనియా నేపథ్యంగా సీరియల్ రాస్తున్నాను. పొగాకు తోటల యజమాని, అతని బానిస అమ్మాయి ప్రేమించుకుంటారు. అతను మంచివాడు, కొరడా పట్టడు. చివర్లో ఆమెను విడుదల చేసి పెళ్లాడతాడు. చదివిన స్నేహితురాలు ‘ఇది ప్రేమకథ కాదే’ అంటోంది. తప్పెక్కడ? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ముగింపు సంగతి. ఆ పెళ్లి చట్టం ప్రకారం చెల్లదు. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య పెళ్లి కుదరదన్న వర్జీనియా నిషేధాన్ని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది 1967లో. పైగా విడుదలైన మనిషి ఏడాదిలోగా రాష్ట్రం వదిలి వెళ్లాలని అక్కడ 1806 నుంచీ చట్టం ఉంది. ఉండిపోవాలంటే అనుమతి తెచ్చుకోవాలి. ఇక బిడ్డ పుడితే, 1662 నాటి చట్టం ప్రకారం తల్లి బానిస అయితే బిడ్డా బానిసే. మీ నాయకుడు అప్పులపాలైతే సొంత కూతురే గుర్రాలతో పాటు వేలానికి వస్తుంది.

ఇవన్నీ సరిదిద్దుకోవచ్చు. ‘కొరడా పట్టడు’ అన్నదే అసలు చిక్కు. మిస్సోరీలో రాబర్ట్ న్యూసమ్ అనే రైతు 1850లో సీలియా అనే అమ్మాయిని కొన్నాడు. ఆమెకు పద్నాలుగేళ్లు ఉంటాయేమో. తన ఇంటికి దగ్గర్లోనే ఆమెకో ఇల్లు కట్టించాడు. నవలలో అయితే ఆ ఇల్లు ప్రేమకు గుర్తయ్యేది! అయిదేళ్ల బలాత్కారం తర్వాత, 1855లో ఆమె అతన్ని చంపింది. ‘ఏ స్త్రీనైనా’ బలవంతం చేయడం నేరమని రాష్ట్ర చట్టంలో ఉంది, ఆ మాట సీలియాకూ వర్తిస్తుందని ఆమె లాయర్లు వాదించారు. జడ్జి ఒప్పుకోలేదు. ఆ డిసెంబర్‌లోనే సీలియాను ఉరి తీశారు.

కాబట్టి ప్రతి ఏకాంత సన్నివేశం దగ్గరా ఆగి, ఆమె ‘వద్దు’ అంటే మర్నాడు ఏమవుతుందో రాసి చూడండి. ఆమె వయసు చెప్పండి. ఆమె తల్లి, చెల్లి అదే తోటలో ఉంటే అతను నోరు తెరిచి బెదిరించనక్కర్లేదు. ‘ప్రేమ’ అన్న మాట అతని నోట ఉండనివ్వండి, కథకుడి నోట వద్దు.

దొరసానిని మెత్తని మనసుతో తీర్చిదిద్దడం ఇంకో పాత అలవాటు. పెళ్లయిన స్త్రీకి సొంత ఆస్తి ఉండొచ్చని మిస్సిసిపీ రాష్ట్రం 1839లో చేసిన చట్టం ఎక్కువగా మాట్లాడింది బానిసల గురించే. అంటే దొరసానీ యజమానే.

ప్రశ్న: అంటే బానిస స్త్రీ ప్రేమించకూడదా? ఎప్పుడూ ఏడుస్తూనే ఉండాలా?

జవాబు: అలా అయితే అదీ అబద్ధమే. హ్యారియెట్ జేకబ్స్ 1861లో అచ్చువేసిన ఆత్మకథ చదవండి. వేధించే యజమానిని తప్పించుకోవడానికి ఆమె మరో తెల్లవాడితో సంబంధం పెట్టుకుంది. తర్వాత అమ్మమ్మ ఇంటి అటకమీద, తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, మహా అయితే మూడడుగుల ఎత్తున్న చోట దాదాపు ఏడేళ్లు దాక్కుంది. ఎంచుకుంది, నిజమే. ఏయే దారుల్లోంచి ఎంచుకుందో కూడా రాసింది.

ప్రేమకథ కావాలంటే బానిసల మధ్యే వెతకండి. పక్క తోటలో ఉండే భర్త శనివారం రాత్రి యజమాని ఇచ్చిన చీటీ పట్టుకుని నడిచి వచ్చేవాడు. చీటీ లేకుండా గస్తీవాళ్లకు దొరికితే కొరడా దెబ్బలే. ఉత్కంఠకు ఆ కాగితం ముక్క చాలదూ!

ప్రశ్న: మా కథ తెలంగాణ గడిలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో. చిన్నదొర, అక్కడ దాసిగా ఉండే ఆడబాప ప్రేమించుకుంటారు. దీనికీ అదే జవాబా?

జవాబు: అదే. ఆడబాప వచ్చింది దొరసాని వెంట, పెండ్లి కానుకల్లో ఒకటిగా. దొర పిలిస్తే పోవాలె, చుట్టం పిలిచినా పోవాలె. పుట్టిన పిల్లలకు ఆస్తిలో వాటా లేదు. ఇంకోమాట. మీరు పంపిన అధ్యాయంలో ఆమె ‘నీ బాంచెన్’ అని గోముగా అంటోంది. బాంచ అంటే దాసి. చిన్నదొర చెవికి అది ముద్దుగా వినిపించవచ్చు. ఆమె నోట మాత్రం గోము తీసేయండి.