వీవాప్ గీత దాటగానే కొంటే స్టాప్‌లాస్ ఎందుకు తగులుతోంది?

మీరు రెండు విషయాలు అడిగారు. షేర్ ధర వీవాప్ (ఆ రోజు ట్రేడ్‌లన్నిటి సగటు ధర, ఎక్కువ షేర్లు చేతులు మారిన ధరకి ఎక్కువ బరువిచ్చి కట్టేది) గీత పైకి రాగానే కొంటున్నా స్టాప్‌లాస్ (నష్టం ఇంతకు మించకుండా ముందే పెట్టుకునే అమ్మకం ధర) ఎందుకు తగులుతోంది, దాని బదులు వీడబ్ల్యూఎంఏ పెట్టుకుంటే మేలా అని. రెండోది చిన్నది, అదే ముందు చెప్తాను. వీడబ్ల్యూఎంఏ అంటే చార్ట్‌లో చివరి 20 క్యాండిళ్లో 50 క్యాండిళ్లో (ఒక్కో క్యాండిల్ ఐదు నిమిషాల్లాంటి కొంత సమయంలో ధర ఎక్కడెక్కడ తిరిగిందో చూపే గుర్తు) తీసుకుని, వాల్యూమ్, అంటే చేతులు మారిన షేర్ల సంఖ్య, ఎక్కువున్నవాటికి ఎక్కువ బరువిచ్చి కట్టే సగటు, పొద్దున్నే చూస్తే అందులో నిన్నటి క్యాండిళ్లూ ఉంటాయి. వీవాప్‌కి నిన్నటితో పనిలేదు, రోజూ 9:15కి కొత్తగా మొదలై 3:30 దాకా జరిగిన ట్రేడింగ్ అంతా లెక్కలో వేసుకుంటూ పోతుంది. దేని పని దానిదే.

ఇక అసలు సంగతి. బెంగళూరులో మారతహళ్లి రూమ్‌లో ఉన్నప్పుడు ఒక శనివారం నేనూ మా బావా కూర్చుని, ఒక షేర్ ఐదు నిమిషాల డేటా ఎక్సెల్‌లో వేసుకుని వీవాప్‌ని సొంతంగా కట్టాం, మీరూ ఒక్కసారి చేసి చూడండి. క్యాండిల్ హై, లో, క్లోజ్ (ఆ ఐదు నిమిషాల్లో అత్యధిక, అత్యల్ప, చివరి ధరలు) కూడి మూడుతో భాగించి, దాన్ని వాల్యూమ్‌తో గుణించి, పొద్దుట్నించీ అలా వచ్చినవన్నీ కలిపి మొత్తం వాల్యూమ్‌తో భాగించడమే. మొదటి క్యాండిల్‌లో 500 దగ్గర లక్ష షేర్లు, రెండోదాంట్లో 504 దగ్గర 20,000 షేర్లు చేతులు మారాయనుకోండి. మామూలు సగటు 502, వీవాప్ మాత్రం 500.67. అదే మధ్యాహ్నానికి 20 లక్షల షేర్లు ట్రేడ్ అయిపోయాక, గీతకి 4 రూపాయలు పైన ఇంకో 20,000 షేర్లు కొన్నా అది 4 పైసలు కూడా కదలదు!

అందుకే పొద్దున 9:25కి దాటడం వేరు, మధ్యాహ్నం 2:30కి దాటడం వేరు. పొద్దున గీతే ధర వెంట పరిగెడుతుంటుంది కాబట్టి దాటడానికి పెద్ద అర్థం ఉండదు. మధ్యాహ్నం సైడ్‌వేస్ రోజున (ధర ఎటూ పోకుండా అక్కడక్కడే తిరిగే రోజు) గీత బల్లపరుపుగా ఉంటుంది, ధర దాని పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది, దాటిన ప్రతిసారీ కొంటే ప్రతిసారీ స్టాప్‌లాసే, పైగా బ్రోకరేజీ, అమ్మినప్పుడు 0.025 శాతం ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల మీద పన్ను) కూడా పోతాయి.

ఇంకోటి, పెద్ద ఫండ్‌లు భారీ ఆర్డర్లని రోజంతా ముక్కలుగా కొంటాయి, వాళ్ల డీలర్ బాగా కొన్నాడా లేదా అని చూసే కొలతల్లో ముఖ్యమైనది వీవాపే. ఈ రోజు కొన్నవాళ్ల సగటు ధర ఎక్కడుందో అది చెప్తుంది, అంతే. ధర రేపు కాదు కదా, వచ్చే పది నిమిషాల్లో ఎటు పోతుందో కూడా చెప్పదు. నేనైతే దాటడం కంటే గీత వాలు చూస్తాను: గీత పైకి పోతూ, ధర కాసేపు దానిపైనే నిలబడి, వెనక్కి దిగి గీతని తాకేటప్పుడు వాల్యూమ్ పలచబడితే అప్పుడే ఎంట్రీ ఆలోచిస్తాను. గీత చదునుగా ఉంటే ఆ షేర్ జోలికే పోను.

చాలా యాప్‌లలో మార్కెట్ డెప్త్ (కొనే, అమ్మే ఆర్డర్ల పట్టిక) దగ్గర యావరేజ్ ప్రైస్ అని కనిపించేదీ ఇదే. అది ఒక్కో ట్రేడ్ నుంచి కట్టింది, చార్ట్‌లోది క్యాండిళ్ల నుంచి కట్టింది కాబట్టి పైసల్లో తేడా వస్తే కంగారు పడకండి. నిఫ్టీ చూసేవాళ్లయితే నిఫ్టీ ఫ్యూచర్స్ (నిఫ్టీ మీద ముందు తేదీకి కుదుర్చుకునే ఒప్పందాలు) చార్ట్‌లో వీవాప్ పెట్టుకోండి, ఇండెక్స్ అనేది లెక్కగట్టిన అంకె, దాన్ని నేరుగా ఎవరూ కొని అమ్మరు కాబట్టి దానికంటూ సొంత వాల్యూమ్ ఉండదు.

దయచేసి ఇవన్నీ తక్కువ క్వాంటిటీతోనే చేయండి. 2022-23లో క్యాష్ మార్కెట్‌లో (నేరుగా షేర్లే కొని అమ్మే చోట) ఇంట్రాడే, అంటే అదే రోజు కొని అమ్మేయడం, చేసిన ప్రతి పదిమందిలో ఏడుగురికి నష్టమే వచ్చిందని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జులైలో చెప్పింది. స్టాప్‌లాస్ తగిలిన మీ ట్రేడ్‌లు ఏ షేర్‌లో, ఎన్నింటికి తీసుకున్నవో కింద రాయండి, గీత అప్పుడు ఎటు వాలి ఉందో చార్ట్ తీసి చూసి చెప్తాను.