నగదు ఎంత అని కాదు, అవసరానికి అందుతుందా అని చూడండి

ప్రశ్న: మా అమ్మాయి వచ్చే నెల పీజీ చదవడానికి విదేశం వెళ్తోంది. చవగ్గా వచ్చాయని రెండు విమానాలకూ విడివిడిగా టికెట్లు కొన్నాం. మధ్యలో రెండున్నర గంటల టైం ఉంది. దిగాక రైల్లో ఇంకో నాలుగు గంటలు వెళ్లాలి. ఆ సాయంత్రమే ఇంటి ఓనరుకు డిపాజిట్ కట్టి గది తాళాలు తీసుకోవాలి. డబ్బంతా ఒక ఫారెక్స్ కార్డులో వేశాం. చేతికి నగదు ఎంత ఇచ్చి పంపమంటారు?

జవాబు: నగదు సంగతి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నాకు భయం వేసింది ఆ రెండున్నర గంటల గురించి.

రెండు విమానాలూ ఒకే బుకింగులో ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా గమ్యం చేర్చే పూచీ సాధారణంగా విమాన సంస్థదే. విడి టికెట్లయితే ఆ పూచీ ఎవరికీ లేదు. రెండో సంస్థ లెక్కలో మీ అమ్మాయి టైముకు రాని ప్రయాణికురాలు, అంతే. టికెట్ పోతుంది. అది రానూపోనూ టికెట్ అయితే తిరుగు ప్రయాణం కూడా రద్దయ్యే నిబంధన చాలా సంస్థలకు ఉంది. సామాను గొడవ ఇంకొకటి. మధ్యలో దిగిన చోట పెట్టెలు బెల్టు మీది నుంచి తీసుకుని, మళ్లీ చెక్ ఇన్ చేయాల్సి రావచ్చు. అందుకు ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి. ఆ దేశం వీసా అవసరమా కాదా అన్నది మీరు చూశారా?

ఈ వారంలోనే రెండో సంస్థకు ఫోన్ చేసి, ఆ రోజే తర్వాత బయల్దేరే విమానానికో, మర్నాటి దానికో మార్చడానికి ఎంతవుతుందో అడగండి. మార్పు రుసుము, టికెట్ ధరలో తేడా కలిపినా, కౌంటర్ ముందు నిలబడి అప్పటికప్పుడు కొనే టికెట్ కంటే చాలావరకు తక్కువే ఉంటుంది. లేదంటే చవగ్గా కొన్నామనుకున్నది తడిసి మోపెడవుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోవద్దు. విడి టికెట్ల మధ్య తప్పిన విమానానికి చాలా పాలసీలు డబ్బు ఇవ్వవు. ఇచ్చేవి కూడా మధ్యలో ఇన్ని గంటలు ఉండాలని షరతు పెడతాయి. పాలసీలో ఆ ఒక్క క్లాజు చదవండి.

ఇక డిపాజిట్. రోజంతా ప్రయాణం చేసి, నిద్ర లేక, రెండు పెట్టెలతో గుమ్మం ముందు నిలబడిన పిల్ల గది నచ్చకపోయినా, కాగితంలో ఏదో తేడాగా అనిపించినా కాదనలేదు. అలాగని చూడకుండా ముందే పంపడమూ ప్రమాదమే. విదేశీ విద్యార్థులను అద్దె పేరుతో మోసం చేసేవాళ్లు ఎక్కువగా అడిగేది అదే. యూనివర్సిటీ హౌసింగ్ ఆఫీసుకు ఆ చిరునామా పంపి విచారించండి. అమ్మాయి వచ్చిన రెండు మూడు రోజులకు డిపాజిట్ బ్యాంకు ద్వారా కడతామని ఓనరుకు మెయిల్ పెట్టండి. నగదే కావాలి, ఆ రోజే కావాలి అని పట్టుబడితే నేనైతే ఇంకో గది చూసుకోమంటాను. మొదటి రెండు రాత్రులకు, రద్దు చేసుకునే వీలున్న బస ఒకటి బుక్ చేసి ఉంచండి.

కార్డు విషయంలో కరెన్సీ మారకం రేటు గురించి చాలామంది తెగ ఆలోచిస్తారు కానీ, ఆ రోజు కార్డు పనిచేయడమే ముఖ్యం. ఒకసారి ఊహించుకోండి. రైల్వే స్టేషన్లో టికెట్ మెషీన్ ముందు నిలబడింది, వెనక క్యూ ఉంది. ఫారెక్స్ కార్డు రెండుసార్లు పెట్టినా తీసుకోలేదు. ఫోన్లో టికెట్ కొందామని మీ క్రెడిట్ కార్డు నంబరు కొట్టింది. ఓటీపీ మీ ఫోన్‌కు వచ్చింది. అప్పుడు మీ ఇంట్లో అర్ధరాత్రి, ఫోన్ సైలెంట్‌లో ఉంది.

అందుకే ఆమె పేరు మీదే, వేరే బ్యాంకుది, వేరే నెట్‌వర్కుది రెండో కార్డు ఉండాలి. ఒకటి వీసా అయితే ఇంకోటి మాస్టర్‌కార్డ్. రెండూ ఒకే పర్సులో పెట్టొద్దు. విదేశీ వాడకం రెండింటికీ ఇప్పుడే ఆన్ చేయించండి. పిన్ కంఠతా రావాలి. ఇంటి సిమ్ తీసేయకుండా, రోమింగ్‌లో ఓటీపీ మెసేజ్‌లు వచ్చేలా చూసుకోవాలి. మెషీన్ మీద ‘మీ దేశపు కరెన్సీలో చెల్లిస్తారా, ఇక్కడి కరెన్సీలోనా’ అని అడిగితే ఎప్పుడూ అక్కడి కరెన్సీయే నొక్కమనండి. మొదటిది నొక్కితే రేటు మీ బ్యాంకు కాకుండా ఆ మెషీన్ వాళ్లు వేస్తారు. అది దాదాపు ఎప్పుడూ నష్టమే.

ఇప్పుడు మీరడిగిన నగదు. రెండు రోజుల తిండి, స్టేషన్ నుంచి ట్యాక్సీ, అవసరమైతే ఒక రాత్రి బస: వీటికి సరిపడా చాలు. చిన్న నోట్లలో, రెండు చోట్ల పెట్టాలి. ఎయిర్‌పోర్టు కౌంటర్లో కాకుండా ముందే మార్పించండి. ‘కమీషన్ లేదు’ అని బోర్డు పెట్టినవాళ్లు ఆ లాభం రేటులోనే తీసుకుంటారు. డిపాజిట్ కోసమని పెద్ద మొత్తం ఇచ్చి పంపొద్దు. అమెరికాలో 10,000 డాలర్లు దాటినా, యూరోపియన్ యూనియన్‌లో 10,000 యూరోలు, అంతకు మించినా కస్టమ్స్‌కు చెప్పి తీరాలి. అంతకంటే తక్కువైనా, పోతే తిరిగి రాదు.

పెట్టె రాకపోతే ఎయిర్‌పోర్టు దాటి బయటికి రాకముందే బ్యాగేజీ కౌంటర్లో ఫిర్యాదు రాయించి, నంబరు తీసుకోవాలి. రైలుకు టైమవుతోందని పరిగెత్తేది సరిగ్గా ఇక్కడే. అంతర్జాతీయ ప్రయాణాల్లో చాలా దేశాలకు వర్తించే 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామానుకు విమాన సంస్థ బాధ్యత ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క యూనిట్. పెట్టె ఆలస్యంగా వస్తే చేతికందిన 21 రోజుల్లోగా, దెబ్బతిని వస్తే 7 రోజుల్లోగా రాతపూర్వకంగా అడగాలి. ఈలోగా కొన్న బట్టలు, సబ్బులకు రసీదులు దాచాలి. సర్టిఫికెట్లు, మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి.

మీరు అడగనిది ఒకటుంది. యూనివర్సిటీ ఆరోగ్య బీమా తరచూ టర్మ్ మొదలయ్యే తేదీ నుంచే వర్తిస్తుంది. మీ అమ్మాయి అంతకు ముందే దిగుతుంటే, బయల్దేరిన రోజు నుంచి ఆ తేదీ దాకా వర్తించే పాలసీ విడిగా తీసుకోండి. ప్రీమియం కొన్ని రోజులకే కాబట్టి పెద్దగా భారం ఉండదు.