కాకాను అడగండి: డెబ్బై కిలోమీటర్లకు రెండు రోజులా?

ప్రశ్న: కాకా, నమస్తే. మాది సిరోంచ తాలూకా, అంకిసా. ఆన్‌లైన్ అల్లికల క్లాసులో రమల్లా అమ్మాయి ఒకామె నాకు ఫ్రెండ్ అయింది. వచ్చే నెల అమ్మాన్‌లో వాళ్ళ పిన్ని కూతురి పెళ్ళి. మ్యాప్‌లో గీత గీస్తే రమల్లాకు అమ్మాన్ డెబ్బై కిలోమీటర్లే. ఆమేమో రెండు రోజుల ముందే బయల్దేరుతుందట, అయినా పెళ్ళికి అందుకుంటానో లేదో అంటోంది. మేము పొద్దున వంతెన దాటి కాళేశ్వరంలో దర్శనం చేసుకుని అన్నం వేళకు ఇంటికొచ్చేస్తాం. జోర్డాన్‌లో యుద్ధం కూడా లేదు కదా, మరి ఆ టెన్షన్ దేనికి? మీరు అక్కడ పనిచేశారని అడుగుతున్నా.

జవాబు: బిడ్డా, మనం కాళేశ్వరం పోయేటప్పుడు వంతెన మీద మనల్ని ఎవరూ పేరు అడగరు. మీ ఫ్రెండ్‌ను మూడు చోట్ల అడుగుతారు. ఆమె భయం మధ్య చోటు గురించి.

రమల్లా ఉన్నది వెస్ట్ బ్యాంక్ అనే పాలస్తీనా ప్రాంతంలో. దానికి తూర్పు హద్దు జోర్డాన్ నది, అది దాటితే జోర్డాన్ దేశం, దాని రాజధాని అమ్మాన్. 1967 యుద్ధం నుంచి ఆ హద్దు పొడవునా కాపలా ఇజ్రాయెల్‌దే. పాలస్తీనా గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళు జోర్డాన్‌కు పోవాలంటే జెరికో ఊరి పక్కనున్న ఒక్క వంతెనే దారి. ఇజ్రాయెల్‌కూ జోర్డాన్‌కూ మధ్య ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి వేరే గేట్లున్నాయి గానీ అవి వీళ్ళకు పనికిరావు. ఈ వంతెనను ఇజ్రాయెల్ వాళ్ళు అలెన్‌బీ అంటారు, జోర్డాన్ వాళ్ళు కింగ్ హుస్సేన్ అంటారు, పాలస్తీనా వాళ్ళ కాగితాల్లో కరామా. మా ఆఫీసులో అందరూ ఉత్త ‘జిస్ర్’ అనేవాళ్ళు, వంతెన అని.

ముందు జెరికోలో పాలస్తీనా వాళ్ళ హాలు. అక్కడ కాగితాలు చూసి, సామాను వేసి బస్సెక్కిస్తారు. ఆ బస్సు ఇజ్రాయెల్ టెర్మినల్‌కు పోతుంది. అక్కడ దిగి సోదా, ప్రశ్నలు, ఫీజు. మళ్ళీ ఇంకో బస్సు, వంతెన దాటి జోర్డాన్ టెర్మినల్. అక్కడా వరుస. సామాను మనిషితో రాదు, విడిగా పోతుంది, కుప్పలో వెతుక్కోవాలి. వేసవిలో గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చేవాళ్ళు, యూనివర్సిటీ పిల్లలు, హజ్ యాత్రికులు అందరూ ఈ ఒక్క దారినే పడతారు. గేటు తెరిచి ఉండే వేళలు తక్కువ, శుక్ర శనివారాల్లో ఇంకా తక్కువ. వంతు వచ్చేలోపు గేటు మూస్తే జెరికోకు తిరిగిపోయి మర్నాడు మళ్ళీ మొదటినుంచి మొదలు. రెండు రోజుల లెక్క అందుకే.

మా స్టోర్ మేనేజర్‌ది నాబ్లస్. ఒకసారి వాళ్ళ అమ్మ వస్తోందంటే ఆయనతో నేనూ జోర్డాన్ వైపు గేటుకు వెళ్ళాను. పొద్దున ఫోన్ చేసి “జెరికోలో బస్సెక్కాను” అంది. ఆ తర్వాత ఫోన్ లేదు. మధ్యాహ్నం దాటింది, ఎండ మాడిపోతోంది. అక్కడి నేల సముద్ర మట్టానికి మూడు వందల మీటర్లకు పైగా దిగువన ఉంటుంది, మా రామగుండం ఎండ కూడా దాని ముందు చల్లన. సాయంత్రానికి ఆమె బయటికొచ్చింది. వచ్చి కూడా కదలదు. ఒక సంచి రాలేదట. డబ్బులా, మందులా అని కొడుకు కంగారుపడుతుంటే, “ద్రాక్షాకులు” అంది. మాంసం, బియ్యం పెట్టి చుట్టే ఆకులు, ఇంటి పందిరివి. అమ్మాన్ బజారులో కుప్పలు కుప్పలుగా దొరుకుతాయని కొడుకు చెబితే, పోర్టర్‌ను తిట్టాల్సిన తిట్లన్నీ వాడికి పడ్డాయి. సంచి దొరికాకే కారెక్కాం.

ఆలస్యం ఒక్కటే అయితే ఇంత దిగులుండదు. ‘వెనక్కి పో’ అనడం అసలు సంగతి. పాలస్తీనా వాళ్ళు తమ సర్కారిచ్చిన పాస్‌పోర్టు పట్టుకుని వెళ్తారు. 1995 నుంచి ఇస్తున్నారు. కానీ జనాభా రిజిస్టరు మీద ఆఖరి మాట ఇజ్రాయెల్‌దే, గేటు మీదా దానిదే. భద్రతా కారణం అని ఒక్క మాట చెప్పి ఆపేస్తారు, ఆ కారణమేమిటో చెప్పరు. ఆపాల్సినవాళ్ళ జాబితాలో తన పేరు ఉందని చాలామందికి కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. పెళ్ళిబట్టలు పెట్టుకుని వచ్చినా అంతే, వైద్యం కోసం వచ్చినా అంతే. మీ ఫ్రెండ్ ‘చేరతానో లేదో’ అనడం అందుకు. పెళ్ళి అయ్యాక ఆమె కుట్టిన ఎంబ్రాయిడరీ ఫొటో అడుగు. పాలస్తీనా అల్లిక 2021లో యునెస్కో జాబితాకు ఎక్కింది. మీ క్లాసులో ఆ సంగతి చెప్పారో లేదో.

ప్రశ్న: కాకా, జోర్డాన్ ఎందుకు, నేరుగా విమానం ఎక్కొచ్చు కదా? — బల్లార్‌పూర్ నుంచి

జవాబు: ఎక్కడ ఎక్కాలి తమ్ముడూ? టెల్ అవీవ్ విమానాశ్రయం దగ్గర్లోనే ఉంది, కానీ వెస్ట్ బ్యాంక్ కార్డువాళ్ళు ప్రత్యేక పర్మిట్ లేనిదే అందులో అడుగు పెట్టలేరు. రమల్లా దగ్గరి కలందియా విమానాశ్రయం 2000లో మూతపడింది. గాజాలో 1998లో సొంత విమానాశ్రయం తెరిచారు, మూడు నాలుగేళ్ళు తిరక్కుండానే ఇజ్రాయెల్ సైన్యం రాడార్‌నూ రన్‌వేనూ ధ్వంసం చేసింది. కాబట్టి దుబాయ్‌లో ఉద్యోగానికైనా, జర్మనీలో చదువుకైనా ముందు ఆ వంతెన దాటి అమ్మాన్ చేరాల్సిందే. గాజావాళ్ళకు ఆ వంతెన కూడా అందదు. వాళ్ళ పొరుగు ఈజిప్టు, దారి రఫా. ఆ గేటు పాలస్తీనా వైపును 2024 మేలో ఇజ్రాయెల్ సైన్యం స్వాధీనం చేసుకుంది.

ప్రశ్న: అమ్మాన్‌లో సగంమంది పాలస్తీనా వాళ్ళేనని విన్నాను. అలాంటప్పుడు వాళ్ళకు జోర్డాన్ పరాయి దేశం ఎలా అవుతుంది? — ధర్మాబాద్ టీచరు

జవాబు: టీచరు గారూ, చుట్టరికం ప్రకారం పరాయిది కాదు, కాగితం ప్రకారం పరాయిదే. 1948 యుద్ధం తర్వాత వెస్ట్ బ్యాంక్ జోర్డాన్ చేతిలోకి వచ్చింది. 1950లో జోర్డాన్ దాన్ని కలిపేసుకుంది, అక్కడివాళ్ళకు పౌరసత్వమూ ఇచ్చింది. అప్పట్లో నాబ్లస్ నుంచి అమ్మాన్ పోవడమంటే ఒకే దేశంలో ఊరి నుంచి ఊరికి పోవడం. 1967లో ఇజ్రాయెల్ గెలిచాక నది హద్దయింది. అయినా పౌరసత్వం మిగిలింది. 1988 జూలై 31న హుస్సేన్ రాజు టీవీలో మాట్లాడి వెస్ట్ బ్యాంక్‌తో పాలనా సంబంధాలు తెంచేసుకున్నాడు. ఆ రోజుకు నదికి పడమటి పక్క కాపురమున్నవాళ్ళ పౌరసత్వం పోయింది. తూర్పు పక్క ఉన్న అన్నదమ్ముడిది మిగిలింది. పోయినవాళ్ళకు, పౌరులకిచ్చే జాతీయ నంబరు లేని తాత్కాలిక పాస్‌పోర్టు ఇస్తారు. అది ప్రయాణానికి పనికొస్తుంది, ఓటుకు పనికిరాదు. రంగుల కార్డులు కూడా ఉన్నాయి, పడమట కాపురమున్నవాళ్ళకు పచ్చది, తూర్పున స్థిరపడ్డవాళ్ళకు పసుపుది. మా మేనేజర్‌ది పసుపు, తల్లిది పచ్చ. గేటు దగ్గర ఆ రంగును బట్టే కౌంటర్లో మాట తీరు ఉంటుందని ఆయన నవ్వుతూ చెప్పేవాడు. నాకైతే ఆ నవ్వు నచ్చేది కాదు.

జోర్డాన్‌లో ఐక్యరాజ్యసమితి దగ్గర నమోదైన పాలస్తీనా శరణార్థులు ఇరవై లక్షలకు పైనే. పది క్యాంపులున్నాయి. క్యాంపు అంటే డేరాలనుకునేరు. 1955లో పెట్టిన వహ్దాత్ ఇప్పుడు అమ్మాన్ మధ్యలో ఇరుకు సందుల బస్తీ. కూరగాయలు నేను అక్కడే కొనేవాణ్ణి, మిగతా చోట్లకంటే చవక. ఆ పేరుతోనే ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. జోర్డాన్ మూలంవాళ్ళు వెనకేసుకొచ్చే ఫైసలీ జట్టుతో మ్యాచ్ రోజు ఆ వైపు వెళ్ళొద్దని మొదటి వారమే నాకు చెప్పారు.

ఇంకొక మాట. జోర్డాన్‌ను ప్రశాంతమైన దేశం అన్నప్పుడు మన పత్రికలు కొంచెం తొందరపడతాయి. 1970 సెప్టెంబరులో అమ్మాన్ వీధుల్లోనే జోర్డాన్ సైన్యానికీ పాలస్తీనా సాయుధులకూ యుద్ధం జరిగింది. ఇజ్రాయెల్‌తో ఒప్పందం 1994లో కుదిరింది. తర్వాత ఇరాక్ నుంచి, సిరియా నుంచి వచ్చినవాళ్ళకూ చోటిచ్చింది, 2012లో జాతరీ అనే పెద్ద క్యాంపే లేచింది. ఇంతమందిని పెట్టుకుని, నీళ్ళు కూడా సరిపడా లేని దేశం ఇంత నిలకడగా ఉండడం నాకిప్పటికీ ఆశ్చర్యమే. నీళ్ళంటే గుర్తొచ్చింది. సంగమం దగ్గర నీళ్ళు చూసిన కళ్ళతో జోర్డాన్ నదిని చూస్తే నవ్వొస్తుంది. వంతెన కింద నాలుగైదు మీటర్ల మురికి పాయ. పైన తైబీరియాస్ సరస్సు నుంచి ఇజ్రాయెల్, ఉపనది యార్ముక్ నుంచి సిరియా, జోర్డాన్ తోడేసుకోగా మిగిలింది అది.

ప్రశ్న: వంతెన ఒక్కోసారి పూర్తిగా మూసేస్తారట, నిజమా? — రాజురా

జవాబు: నిజం. 2024 సెప్టెంబరులో జోర్డాన్ లారీ డ్రైవరు ఒకడు అక్కడ కాల్పులు జరిపి ముగ్గురు ఇజ్రాయెలీలను చంపాడు. గేటు మూసేశారు. ఏడాది తర్వాత అదే నెలలో ఇంకో లారీ డ్రైవరు ఇద్దరు సైనికులను చంపాడు, మళ్ళీ మూత. అలాంటప్పుడు అమ్మాన్‌లో చిక్కుకున్నవాళ్ళు చుట్టాల ఇళ్ళలో పడుకుని వార్తలు చూస్తూ కూర్చుంటారు, చుట్టాలు లేనివాళ్ళకు హోటల్ ఖర్చు.

ప్రశ్న: మన ఇండియా వాళ్ళు జోర్డాన్ చూసి, ఆ వంతెన మీదుగా రమల్లా కూడా చూసి రావొచ్చా? — చంద్రపూర్

జవాబు: రావొచ్చు, కానీ రమల్లాకు వీసా రమల్లా ఇవ్వదు. ఇజ్రాయెల్ వీసా కావాలి, ముందే తీసుకోవాలి. జోర్డాన్ వీసా కూడా ఆ వంతెన దగ్గర అప్పటికప్పుడు ఇవ్వరు, కాబట్టి అటు నుంచి తిరిగొచ్చే ఆలోచన ఉంటే అది చెల్లుబాటులో ఉందో లేదో చూసుకోండి. పాస్‌పోర్టులో ముద్ర వేయకుండా విడి చీటీ ఇస్తారు, దాన్ని పారేయకండి. సామాను తక్కువ పెట్టుకోండి. శుక్ర శనివారాలు వద్దు.