23 ఏళ్ల తమ్ముడికి బ్రెయిన్ క్యాన్సర్: ఇంట్లోవాళ్లం ఎలా తోడుగా ఉండాలి?

మీ తమ్ముడికి 23 ఏళ్లు, మెదడులో గ్రేడ్ 3 ఆస్ట్రోసైటోమా అని బయాప్సీలో తేలింది, వచ్చే వారం రేడియేషన్ మొదలవుతుంది, ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు తప్ప ఎవరు ఏం చెయ్యాలో తెలియడం లేదు అని రాశారు. మా తమ్ముడికీ దాదాపు ఆ వయసులోనే అదే జబ్బు వచ్చింది. ఆపరేషన్, రేడియేషన్, కీమో అన్నీ అయ్యాయి. జబ్బు పూర్తిగా పోయిందని డాక్టర్లు ఇప్పటికీ అనరు. క్రమం తప్పకుండా ఎమ్మారై తీయించుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్నాడు. నేను డాక్టర్ని కాను. అక్కగా పక్కనే ఉండి చూసినవి చెబుతాను.

మొదట ఒక్కటి గట్టిగా చెప్పాలి. అతని తరఫున మీరంతా మాట్లాడడం మొదలుపెట్టకండి. కాలు విరిగినవాణ్ణి పక్కన పెట్టేసి ఎవరూ మాట్లాడరు. జబ్బు మెదడులో ఉందనేసరికి మాత్రం "వాడికేం తెలుస్తుంది పాపం" అనే ధోరణి ఇంట్లోకి వచ్చేస్తుంది. డాక్టర్ అతన్ని ప్రశ్న అడిగితే నాన్న జవాబిస్తారు. చూడడానికి వచ్చిన చుట్టాలు మంచం పక్కనే నిలబడి, అతను అక్కడ లేనట్టే అతని గురించి మాట్లాడతారు. అతను అన్నీ వింటూనే ఉంటాడు. ఆపరేషన్ కన్నా తనని ఎక్కువ కుంగదీసింది ఇదేనని మా తమ్ముడు తర్వాత చెప్పాడు.

వాడికి ట్యూమర్ మెదడులో ఎడమ చెవి వైపున్న టెంపొరల్ లోబ్‌లో ఉండేది. మనం చెప్పేది అర్థమయ్యేది, కానీ వస్తువుల పేర్లు నోటికి వచ్చేవి కావు. "అది ఇవ్వు, అదే..." అని ఆగిపోయేవాడు. స్పీచ్ థెరపిస్ట్ మాకు మొదట్లోనే చెప్పారు: తొందరపడి మాట అందించకండి, అతను అడిగితేనే అందించండి. టీవీ ఆపేసి, ఒకసారికి ఒక్కరే మాట్లాడండి. బాగా అలిసిపోయి ఉంటే అవును, కాదు అంటే సరిపోయే ప్రశ్నలు అడగండి. మాట తడబడితే ఆలోచన కూడా తడబడుతోందని అనుకోవద్దు. వాడు బాధ్యత గల నిర్ణయాలన్నీ ఆ తడబడే రోజుల్లోనే తీసుకున్నాడు.

ఇక కోపం. ఇది మిమ్మల్ని బాగా బాధపెడుతుంది. మెదడు వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. దానితో నిద్ర పట్టదు, విపరీతంగా ఆకలేస్తుంది, ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరగొచ్చు, తొడ కండరాలు నీరసించి కుర్చీలోంచి లేవడం కూడా కష్టమవుతుంది. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటమ్ కొందరిలో చిరాకు తెస్తుంది. ట్యూమర్ మెదడు ముందు భాగమైన ఫ్రంటల్ లోబ్‌లో ఉంటే అదే స్వభావాన్ని మార్చగలదు. ఎప్పుడూ ఎదురు మాట్లాడని మా వాడు అమ్మ మీద గిన్నె విసిరాడు. అమ్మ ఆ రోజంతా ఏడ్చింది. డాక్టర్‌కి ఉన్నది ఉన్నట్టు చెబితే ఫిట్స్ మందు మార్చారు, స్టెరాయిడ్ ఉదయం పూట వేసుకోమన్నారు. చాలావరకు సర్దుకుంది. అందుకే ఇలాంటివి పరువు విషయమని దాచకండి, డాక్టర్‌కి చెప్పండి. స్టెరాయిడ్‌ని మాత్రం సొంతంగా, ఉన్నట్టుండి ఆపకూడదు. అది ప్రమాదం.

ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గట్టిగా పట్టుకోకండి, టైమ్ చూడండి. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్. ఇంట్లో పిల్లలతో సహా అందరికీ ఇది తెలిసి ఉండాలి.

రేడియేషన్ సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున ఆరు వారాల పైన సాగుతుంది. నీరసం మొదటి వారంలో పెద్దగా తెలియదు. పోను పోను పెరిగి, రేడియేషన్ అయిపోయాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. అప్పటికి పరామర్శలు ఆగిపోతాయి, అసలు మనుషులు కావాల్సింది అప్పుడే. మా తమ్ముడి స్నేహితుడు ఒకడు ఏమీ అడక్కుండా వచ్చి, పక్కన కూర్చుని తన పని తను చేసుకునేవాడు. మా తమ్ముడు మాట్లాడితే తనూ మాట్లాడేవాడు, నిద్రపోతే అలాగే ఉండేవాడు. ఆ అబ్బాయికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. మీ తమ్ముడికి అలాంటివాళ్లు ఉంటే జబ్బు గురించి చెప్పి పిలవండి, కానీ ఎవరికి ఎంత చెప్పాలో ముందు అతన్నే అడగండి.

ఇంటర్నెట్‌లో ఇలాంటి జబ్బుతో బతికేది 14.6 నెలలు అనే అంకె మీకు ఈపాటికే కనిపించి ఉంటుంది. అది 2005లో, గ్లయోబ్లాస్టోమా అనే ఇంకా తీవ్రమైన మెదడు క్యాన్సర్ మీద వచ్చిన అధ్యయనంలోది. పైగా అది మధ్యస్థ అంకె, అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం బతికారు. 2021 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో పెద్దవాళ్లకి వచ్చే ఇలాంటి ఆస్ట్రోసైటోమా అంటే ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉన్న ట్యూమర్. గ్లయోబ్లాస్టోమాలో ఆ మార్పు ఉండదు. రెండిటి దారులూ వేరు. అతని రిపోర్ట్‌లో ఐడీహెచ్ గురించి ఏం రాశారో డాక్టర్‌ని అడిగి అర్థం చేసుకోండి. చుట్టాలు ఫోన్‌లో పంపే అంకెలు పట్టించుకోకండి.

ఇంకోటి. రేడియేషన్ అయ్యాక మొదటి కొన్ని నెలల్లో తీసే ఎమ్మారైలో జబ్బు పెరిగినట్టు కనిపించవచ్చు. కొన్నిసార్లు అది నిజంగా పెరగడం కాదు, చికిత్స వల్ల వచ్చిన మార్పు. సూడో ప్రోగ్రెషన్ అంటారు. మాకు అలాగే జరిగింది. తర్వాతి స్కాన్ దాకా ఇల్లంతా టెన్షన్‌తో వణికిపోయింది. ముందే తెలిసి ఉంటే ఆ రోజులు కాస్త తేలికగా గడుస్తాయి.

పనులు పంచుకోండి. ఒకరు మందుల పట్టిక, ఒకరు ఆసుపత్రికి తోడు, ఒకరు చుట్టాల ఫోన్లు. అన్నీ అమ్మ మీద వేస్తే ఆవిడ పడిపోతారు.

ఇక రేడియేషన్ మొదలయ్యేలోపు జరగాల్సింది ఒకటి ఉంది. తర్వాత ఇచ్చే టెమొజొలొమైడ్ అనే కీమో మందు వల్ల పిల్లలు పుట్టే సామర్థ్యం దెబ్బతినే అవకాశం ఉంది. వీర్యాన్ని ముందే భద్రపరచుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాట ఎత్తరు, ఎత్తినా ప్రాణం మీదికొస్తే ఇప్పుడు ఇదా అంటారు. అతనికి కావాలో వద్దో అతనే చెప్పాలి. మీరంతా బయట కూర్చుని, డాక్టర్‌తో అతను ఒక్కడే మాట్లాడేలా రేపే అపాయింట్‌మెంట్ అడగండి.